శొంఠి పొట్లంతో పాటు పిల్లలకు అందాల్సింది

అమెరికా ప్రయాణమంటే తెలుగువాళ్ల పెట్టెలో ఆవకాయ సీసా పక్కన ఓ చిన్న పొట్లం కూడా చేరుతుంది. శొంఠి కొమ్ములు, మిరియాలు, పిప్పళ్లు, వాము. న్యూజెర్సీ చలికి ఇంట్లో ఎవరి గొంతు పట్టేసినా ముందు విప్పేది దాన్నే. శొంఠిని సెగ మీద వెచ్చచేసి, రోట్లో నలగ్గొట్టి, నాలుగు మిరియాలూ చిన్న బెల్లంముక్కా వేసి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసుకు దిగేదాకా మరిగిస్తారు. గోరువెచ్చగా తాగితే గొంతులో గరగర సద్దుమణిగి, కాస్త కునుకు పడుతుంది.

ఇది వట్టి నమ్మకం కాదు. పచ్చి అల్లానికి ఘాటునిచ్చే జింజెరాల్‌లో కొంత, ఎండేకొద్దీ షోగాల్‌గా మారుతుంది. దాని ఘాటు ఇంకా ఎక్కువ. శొంఠి చిటికెడు చాలని నానమ్మలు చెప్పే కొలతలో పస ఉంది. వేవిళ్ల వికారానికి అల్లం కొంత ఉపశమనమిస్తుందని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘమే చెబుతోంది. మిరియాల్లోని పైపెరిన్ తోడైతే పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి ఎన్నో రెట్లు ఎక్కువగా పడుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటును మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపి సవాలు చేస్తే, 1997లో అది రద్దయింది.

సంప్రదాయ వైద్యం, ఆధునిక శాస్త్రం, ఈ రెండు లోకాలూ తెలిసిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల వ్యాధికి సోదరులను పోగొట్టుకుని, తానూ దాని బారినపడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. బోస్టన్ చేరాక ప్రయోగశాలే ఆయన ఇల్లయింది. తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకు అది మందైంది. మేలు చేసినదాని మీద గౌరవం, దాన్నీ పరీక్షించి చూసే ధైర్యం ఆయనలో కలిసి ఉన్నాయి. మన పిల్లలకు శొంఠితో పాటు అందాల్సింది అదే.

పరీక్షకు నిలవనివీ ఉన్నాయి మరి. పసిబిడ్డ నాలుకకు అరగదీసి రాసే వసకొమ్మునే చూడండి. అందులోని బీటా-అసరోన్ ఎలుకల్లో కణుతులు కలిగించడంతో 1968లో అమెరికా దాన్ని ఆహారంలో నిషేధించింది. బిడ్డకు మాటలు త్వరగా రావాలని ఎంత ఆశ ఉన్నా, వస జోలికి పోకూడదు. అల్లం రసంలో తేనె పెద్దవాళ్లకు హాయి. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె చుక్కతోనైనా బొట్యులిజం ముప్పుంది. రక్తం పలచబరిచే మందులు వాడే తాతయ్య రోజూ శొంఠి కషాయం తాగుతుంటే ఆ సంగతి డాక్టరుకు తెలియాలి. ఏం మందులు వాడుతున్నారని అడిగితే, మాత్రల పేర్లు చెప్పి కషాయం ఊసెత్తని పెద్దలెందరో. అది మందే కాదని వాళ్ల ఉద్దేశం. పక్కనున్న కొడుకో కోడలో చెప్పాలి. ఇక తగ్గని జ్వరానికి, ఆయాసానికి, పసివాళ్ల విరేచనాలకు కషాయం కాచుకుంటూ ఆలస్యం చేయడం ప్రమాదం.

మన సంఘాల్లో డాక్టర్లకు కొదవ లేదు, చిట్కాలు తెలిసిన అమ్మమ్మలకూ లేదు. మార్చిలో ఓ వారాంతం తెలుగు బడిలో ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, పిల్లలచేత కుండీల్లో అల్లం నాటించవచ్చు. మొలకెత్తిన అల్లం ఇండియన్ స్టోర్లోనే దొరుకుతుంది. ఇంట్లో వెచ్చగా ఉంచి, మే చివర్లో బయటపెడితే, అక్టోబరు చలి ముదిరేలోగా లేత అల్లం తవ్వుకోవచ్చు.