దిగి రావలసిన దారి

లావెక్కడం రహస్యంగా సాగే పని కాదు. ఊరంతా చూస్తూనే ఉంటుంది. సన్నబడడం మాత్రం గుట్టుగా చేయవచ్చునని నేను ఈ మధ్యనే కనిపెట్టాను.

డాక్టరుగారి సలహా మీద వారానికొక సూది పొడుచుకుంటున్నాను. 2025 మార్చిలో మన దేశంలో అమ్మకానికొచ్చిన టిర్జెపటైడ్ అది. అన్నం తిన్నాక పేగులు "ఇక చాలు" అని పంపే కబురును అనుకరిస్తుందట. మూడో ముద్దకే కడుపు నిండిపోతోంది. "కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. అది నిలవాలంటే నడవాలి" అన్నారు డాక్టరుగారు.

నడవాలి సరే, ఎక్కడ? మా వర్ధన్నపేటలో ఖమ్మం రోడ్డు ఎక్కితే లారీలకు దారి ఇవ్వడంతోనే సరిపోతుంది. అంచేత చెరువు కట్ట పట్టాను. చదునైన దారి. ఎక్కడ ఆయాసమొస్తే అక్కడే వెనక్కి తిరగవచ్చు. పక్కమనిషితో మాట్లాడుతూ నడవగలిగితే ఒంటికి తగిన వేగమేనని లెక్క.

నాలుగు కిలోలు తగ్గేసరికి గర్వం నాలుగు కిలోలు పెరిగింది. ఇవాళ హనుమకొండ పద్మాక్షి గుట్ట, రేపు రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు అని పథకం వేశాను. స్కాట్లండు పర్వతారోహకుడు నైస్మిత్ 1892లోనే ఒక లెక్క చెప్పాడు: మూడు మైళ్ల నడకకు గంట, ఎక్కే ప్రతి 2000 అడుగులకు ఇంకో గంట. పాపం, ఆ లెక్కలో తొంభై ఆరు కిలోల మనిషికి, ఇడ్లీ ఒక్కటే తిన్న కడుపుకు పద్దు లేదు.

పద్మాక్షి గుట్ట మెట్లు సగం ఎక్కానో లేదో కళ్లు తిరిగాయి. కూలబడ్డాను. పైనుంచి దిగి వస్తున్న ఒక ముసలమ్మ నా వాలకం చూసి నిలబడింది. "దిగు బిడ్డా! అమ్మవారు యాడికి పోదు" అంది.

దిగాను. దిగడమే కష్టమైంది, తొడలు వణికిపోయాయి. ఎక్కేటప్పుడు ఊపిరి అడ్డం పడి మనల్ని ఆపుతుంది. దిగేటప్పుడు కండ నిలబెట్టాలి. నా దగ్గర కరిగిపోతున్నది అదే కదా!

అసలు సంగతి ఇది కాదు. కట్ట మీద నాతో నడిచే పొరుగాయన ఒకడున్నాడు. ఊళ్లోవాళ్లు "నడిచి నడిచి సగమైండు సారు" అంటే నేను చిరునవ్వు నవ్వి ఊరుకునేవాణ్ణి. అబద్ధమాడలేదు, నిజం చెప్పలేదు, అంతే. నన్ను చూసే అతను నడక మొదలుపెట్టాడు. రెండు నెలలయ్యాక ఒకనాడు, "కిలో కూడా తగ్గలేదు సార్. మీకున్న పట్టుదల నాకు లేదు" అన్నాడు తలవంచుకుని.

ఆ మాట సూది కన్నా లోతుగా దిగింది. 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇదే కోవ మందు సెమాగ్లుటైడ్ తీసుకున్నవారు 68 వారాల్లో సగటున 15 శాతం దాకా తగ్గారు. ఉత్తుత్తి సూదితో తిండి, నడక సలహాలు పాటించినవారు రెండున్నర శాతం కూడా తగ్గలేదు. అతనికి లోపించింది పట్టుదల కాదు. నేను దాచిన నిజం.

సులువైన దారి ఎంచుకోవడం తప్పా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. కాదనే ఇప్పుడు నా నమ్మకం. ఓపికకు తగిన దారి పట్టడం వివేకమే; అవసరమైనవాడు మందు సాయం పుచ్చుకోవడమూ అంతే. తప్పల్లా సులువైన దారిన వచ్చి, కష్టమైన దారిన వచ్చినట్టు కనిపించడంలో ఉంది. ఎందుకంటే మన వెనుక ఎవరో ఒకరు లేని మెట్లు వెతుక్కుంటూ కాళ్లు విరగ్గొట్టుకుంటారు.

మర్నాడు కట్ట మీద అంతా చెప్పేశాను. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నడక దండగేనా సార్?" అన్నాడు.

"కాదయ్యా! నీకు రాత్రి నిద్ర పడుతోందా?"

"మంచిగ పడుతోంది."

"మోకాళ్లు?"

"జర నయమే."

"అయితే నడువు. నీకొచ్చినవి నీవే."

ఇద్దరం ఇప్పుడూ కట్ట మీదనే నడుస్తున్నాం, మాట్లాడుకుంటూ. గుట్ట ఎక్కడికీ పోదు.