ఎవరి త్రాసు?

పెళ్ళయిన ఆడపిల్ల ఎదురుపడితే మనవాళ్ళకి నోరాగదు. "ఏమైనా విశేషమా?" అని అడిగేస్తారు. 34 ఏళ్ళ పిల్ల, రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడి, రోజూ టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటోందనుకోండి, ఏం చెబుతుంది పాపం!

ఆ మాత్ర 5 ఏళ్ళు, ఒక్కోసారి 10 ఏళ్ళు వాడాలి. వాడుతుండగా గర్భం రాకూడదు, బిడ్డకి హాని. మందుకి గడువుంది సరే, వయసు ఆగుతుందా?

2023లో ఒక పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళు మందు వాడిన సుమారు 500 మంది, బిడ్డ కోసం దాన్ని 2 ఏళ్ళ వరకూ ఆపి చూశారు. నూటికి 60 మందికి పైగా తల్లులయ్యారు. మూడేళ్ళలో జబ్బు మళ్ళీ కనిపించింది నూటికి 9 మందికి. అంతకు ముందటి పరిశోధనలో మందు తీసుకున్న అలాంటివారిలోనూ దాదాపు అంతే. సంతోషమే. కాని ఈ రకం జబ్బు పదేళ్ళు దాటాక కూడా తిరగబెట్టగలదు. మూడేళ్ళ లెక్క జీవితానికి పూచీ పడదు.

"బతికుంటే చాలదూ, పిల్లలెందుకు?" అనేవారు ఆమె మనసు మరిచారు. "వంశం నిలవద్దూ?" అనేవారు ఆమెనే మరిచారు. నన్నడిగితే రెండోదే పెద్ద అన్యాయం. పుట్టని బిడ్డకి తల్లి ప్రాణం బాకీ లేదు. కోరిక తనదై, అపాయం తెలిసి ఒప్పుకుంటే అది సాహసం. కోరిక ఇంకొకరిదైతే బలి.

డాక్టరు అంకెలు చెబుతాడు. వాటి బరువు తూచుకోవలసింది ఆమె. ఆమె ఎటు మొగ్గితే అటు నిలబడటమే భర్త పని.