ఆటగాడికి ఎన్నేళ్లు?

"యాభై ఏండ్లొచ్చినంక గూడ ఆడిండంటవా?" అని మామ రెండోసారి అడిగాడు.

"ఆడాడు మామా. జెర్సీ తొడుక్కుని, ఇరవై ఏళ్ల కుర్రాళ్ల మధ్యకే దిగాడు. రాబర్ట్ జవోర్స్కీ. 1946లో పుట్టాడు. 1975 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్‌లో పీబీఏ మొదలయ్యేనాటికి ఆయనకు 29. ఆసియాలో అదే మొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్. 1997లో కూడా ఆయన కోర్టు మీద ఉన్నాడు. ఆ మరుసటి ఏడు జనం ఆయన్ని సెనేటర్‌గా గెలిపించారు."

"లక్షల్ల ఒక్కడు. గా ఒక్కన్ని జూపెట్టి నీ బిడ్డను తోలుతవా?"

మాట నా కూతురి గురించే. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది, బాస్కెట్‌బాల్ ఆడుతుంది, ఆటనే బతుకుతెరువు చేసుకుంటానంటోంది. మామ రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఆ ఉద్యోగం ఆయనకు బాస్కెట్‌బాలే ఇచ్చింది. శామీర్‌పేటలో ఇల్లు కట్టుకున్నాక, వాడలోని సిమెంటు కోర్టులో పొద్దున పూట పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. ఈ విషయంలో ఆయన మాటకు నా మాట కంటే బరువెక్కువ. అయినా వాదించకుండా ఉండలేకపోయాను.

"చూడు బిడ్డా," అన్నాడు. "ఆట పదిహేనేండ్లు. ఆకలి డెబ్బై ఏండ్లు. లాయరుకు అరవై ఏండ్లకు తెలివి పెరుగుతది. డాక్టరుకు చెయ్యి తిరుగుతది. ఆటగానికి ముప్పై అయిదు దాటితే మోకాలు మాట వినదు. మన దేశంల బాస్కెట్‌బాల్ ఆడెటోళ్లను సాదింది ఎవరు? రైల్వే, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు, మిలిటరీ. పొద్దుగాల ప్రాక్టీసు, పగటీలి ఆఫీసు. మోకాలు పోయినా కుర్చీ పోదు. పిల్లను స్పోర్ట్స్ కోటాల పెట్టు. లీగులని తిరగకు. హైదరాబాద్ స్కై అని ఒక టీము లేచింది, యాదికుందా? ఏడ వోయింది?"

యాదికుంది. 2015లో మొదలైన యూబీఏ లీగ్‌లో మన ఊరి పేరున ఆ జట్టు ఆడింది. కొన్ని సీజన్లకే లీగ్ ఆగిపోయింది. మామ మాటలో తప్పు పట్టేందుకేమీ లేదు. కానీ నాకు వేరే సంగతి తోచింది.

"పీబీఏ కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు మామా. అంతకు ముందు అక్కడ మైకా అని కంపెనీ జట్ల లీగ్ ఉండేది, పేరుకు అమెచ్యూర్. అచ్చం మన రైల్వే జట్టు, బ్యాంకు జట్టు లాగే. 1975లో ఆ కంపెనీలే బయటికొచ్చి తొమ్మిది జట్లతో ప్రొఫెషనల్ లీగ్ పెట్టాయి. ఇవాళ్టికీ అక్కడి జట్లకు ఊరి పేర్లుండవు. అప్పటి టొయోటా అంటే కార్లు, క్రిస్పా అంటే టీషర్టులు, ఇప్పటికీ ఉన్న సాన్ మిగెల్ అంటే బీరు. జవోర్స్కీ ఎక్కువ కాలం ఆడిన గినెబ్రా అయితే జిన్ను సీసా పేరు. రెండు చోట్లా ఆటగాణ్ణి చేరదీసింది యజమానే. మన యజమాని అతణ్ణి గుమాస్తాను చేశాడు. వాళ్ల యజమాని అతణ్ణి సరుకుకు ముఖం చేశాడు."

"సీసాకు మొఖమై బతుకుడు గౌరవమా?"

"దాచకుండా చెప్పడంలో గౌరవముంది. నీ ఆట వల్ల నాకు లాభం, ఇదిగో నీ జీతం, అన్నారు. నువ్వు రైల్వేకు మెడల్ తెచ్చావు. నీకు జీతమిచ్చింది మాత్రం ఫైళ్లు మోసినందుకు. నువ్వు నిజంగా చేసిన పనికి ఎవరూ వెల చెప్పలేదు. అది నిన్ను బాధపెట్టలేదా?"

మామ వెంటనే జవాబు చెప్పలేదు. రాజీవ్ రహదారి మీద కరీంనగర్ బస్సు ఒకటి హారన్ కొడుతూ పోయింది. తర్వాత ఆయన నా ప్రశ్నను పక్కనపెట్టి ఇంకో మనిషిని తెచ్చి నా ముందు నిలబెట్టాడు.

"అమ్ముగూడ బలరాం సంగతి ఎరుకేనా?"

తులసీదాస్ బలరాం. 1936లో మనకు గంట దూరం కూడా లేని అమ్ముగూడలో, తమిళ కుటుంబంలో పుట్టిన పిల్లవాడు. హైదరాబాద్ ఫుట్‌బాల్‌ను, ఆ తర్వాత దేశపు ఫుట్‌బాల్‌ను తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కంట పడ్డాడు. అమ్ముగూడ నుంచి పట్నం దాకా ప్రాక్టీసుకు రావడానికి అద్దె సైకిల్ డబ్బులు కూడా రహీం సాబే ఇచ్చేవారని చెబుతారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో బలరాం ఉన్నాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద 1-2తో ఓడిన మ్యాచ్‌లో మన ఒక్క గోలూ అతనిదే. పెరూ మీదా అతనే కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన జట్టులోనూ ఉన్నాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం: ఆ ముగ్గురి పేర్లనూ కలకత్తా ఒక్క గుక్కలో పలికేది.

"మరుసటేడు ఊపిరితిత్తులు దెబ్బతిన్నయి," అన్నాడు మామ. "ఇరవై ఏడేండ్లు కూడ సక్కగ నిండలే, ఆట బందయింది. జవోర్స్కీ యాభై ఏండ్లకు ఆడితే మనోడు ఇరవై ఏడుకు ఆగిండు. గప్పుడు ఆయనకు సీసా కంపెనీ ఉంటే ఏమయ్యేది? పోయి రా అనేది. బీఎన్‌ఆర్ అని రైల్వే టీము, గండ్ల కొలువు ఉండె గనక అన్నం తిన్నడు. 2023ల పోయిండు. లెక్కవెట్టు, ఆట ఆగినంక అరవై ఏండ్లు బతికిండు. నువ్వు చిన్నచూపు చూస్తున్న గా కుర్చీ ఆయనను నిలబెట్టింది."

ఈ లెక్క నన్ను ఆపింది. ఆటగాడి బతుకులో ఆట లేని భాగమే పెద్దదని అందరికీ తెలుసు. ఇరవై ఏడూ, అరవై ఏళ్లూ అని పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిన సంగతే గుండెకు తగులుతుంది. జెర్సీ మీద సీసా పేరు రాసే వ్యవస్థ ఆరోగ్యవంతుడికి మేలు చేస్తుంది. కుర్చీ ఇచ్చే వ్యవస్థ జబ్బుపడినవాడికి మేలు చేస్తుంది. ఏ ఆటగాడూ ఎప్పటికీ ఆరోగ్యవంతుడిగానే ఉండడు. నేను ఒప్పుకున్నాను. అక్కడే ఆగలేదు.

"రైల్వే ఆయన దేహాన్ని సాకింది మామా, కాదనను. ఆయన పేరును ఎవరు సాకారు? కడదాకా కలకత్తా పక్కన ఉత్తరపాడాలో ఒంటరిగా ఉన్నాడు. ఇక్కడ అమ్ముగూడ చౌరస్తాలో నిలబడి బలరాం ఎవరని అడుగు, పదిమందిలో ఎంతమంది చెబుతారు? రోమ్‌లో హంగరీ మీద గోలు కొట్టిన కాలు ఈ వీధుల్లో నడిచింది. జవోర్స్కీ పేరు మనీలాలో ఆటో తోలేవాడికి, కూరగాయలమ్మే ఆమెకు, ఆయన ఆట ఒక్కరోజూ చూడని పిల్లవాడికి కూడా తెలుసు. డబ్బొక్కటే అయితే ఇంత తేడా రాదు."

"మరేంటిదంటవు?"

"చూసేవాళ్లు."

మామ నవ్వలేదు, తల ఊపలేదు. "చెప్పు" అన్నాడు.

నేను చెప్పాను. బాస్కెట్‌బాల్‌ను ఫిలిప్పీన్స్‌కు అమెరికన్లు, వైఎంసీఏ వాళ్లు 1910 ప్రాంతంలో తెచ్చారు. మనకూ అదే వైఎంసీఏ తెచ్చింది. సికింద్రాబాద్‌లో, నారాయణగూడలో ఇప్పటికీ ఆ పేరున్న కోర్టులున్నాయి. విత్తనం ఒక్కటే. ఫిలిప్పీన్స్ మనుషులు పొడుగూ కారు, పంజాబీల పక్కన నిలబెడితే భుజం దగ్గరికి వస్తారు. అయినా 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఐదో స్థానం, 1954 ప్రపంచ పోటీల్లో మూడో స్థానం. ఆ మూడో స్థానాన్ని మరే ఆసియా జట్టూ ఇప్పటికీ దాటలేదు. మనం ఒలింపిక్ బాస్కెట్‌బాల్‌లో అడుగుపెట్టింది ఒక్కసారే, 1980 మాస్కోలో. అక్కడ పల్లెపల్లెనా కోర్టుంటుంది, లేనిచోట కొబ్బరి మానుకు రింగు కొట్టి చెప్పులతో ఆడతారు. ఆడేవాళ్ల చుట్టూ ఊరు నిలబడుతుంది. అవ్వకు కూడా ఫౌల్ ఏదో తెలుసు. 1985లో ఒక మ్యాచ్ నడుమ జవోర్స్కీకి మోచేయి తగిలి పెదవి చీలింది. ఆస్పత్రికి తీసుకుపోయారు, తొమ్మిది కుట్లు పడ్డాయి. నాలుగో క్వార్టర్లో తిరిగొచ్చాడు. వెనకబడి ఉన్న జట్టు ఆయన కోర్టులో అడుగుపెట్టాక గెలిచింది. దాని గురించి అక్కడ ఇప్పటికీ మాట్లాడుకుంటారు. కుట్లు ఆయన పెదవికి పడ్డాయి, ఆ రాత్రి మాత్రం చూసినవాళ్లందరిదీ.

"నువ్వు నేషనల్స్ ఆడినప్పుడు గ్యాలరీలో ఎవరుండేవాళ్లు మామా?"

"ఎవరుంటరు," అన్నాడు చాలాసేపటికి. "తర్వాత మ్యాచ్ ఆడెటోళ్లు. మ్యాచు అయిపోయిన టీమోళ్లు. ఇద్దరు ముగ్గురు ఆఫీసర్లు." కాసేపు ఆగాడు. "ఒకసారి బగ్గ ఆడిన. నా జన్మల గట్ల మల్ల ఆడలే. గది చూసినోళ్లు ఇప్పుడు భూమ్మీద ఎంతమంది ఉన్నరో నాకు తెల్వదు."

నేను మొదట అడిగి వదిలేసిన ప్రశ్నకు జవాబు అప్పుడొచ్చింది. తన ఆటకు వెల కట్టలేదన్న బాధ ఆయనకు ఎన్నడూ లేదు. ఆటకు సాక్షులు లేరన్నదే ఆయన లోటు.

అయితే మామ తన బాధను కూడా వాదంలోకి లాగి పరీక్షించే మనిషి. "జనం చూస్తే మంచే అయితదా? జనం చేతుల పడ్డోడు జనానికి బానిసయితడు. ఆడకున్నా ఆడుమంటరు. తప్పు చేసినా మోస్తరు. నీ జవోర్స్కీ ఏమన్న తప్పు చెయ్యలేదా?"

చేశాడు. 1971లో ఒక మ్యాచ్‌లో జట్టు సహచరుడితో కలిసి రెఫరీలను కొట్టాడు. జీవితకాల నిషేధం వేశారు. రెండేళ్లకే, 1973లో ఆసియా పోటీలు మనీలాకు వచ్చేసరికి నిషేధం ఎత్తేశారు. జట్టుకు ఆయన కావలసి వచ్చాడు. ఆ ఏడు ఫిలిప్పీన్స్ గెలిచింది. దీన్ని సమర్థించడానికి నా దగ్గర మాటలేదు, సమర్థించదలచుకోలేదు కూడా. రెఫరీ మీద చెయ్యి పడితే ఆట అక్కడితో ముగుస్తుంది, ఎంత గొప్పవాడైనా సరే.

"కానీ మామా, చూడటం వేరు, మొక్కడం వేరు. మొక్కేవాడికి ఆట అక్కర్లేదు, మనిషి చాలు. చూడటం తెలిసినవాడు తన వీరుడు ఫౌల్ చేసినా ఫౌలే అంటాడు. జకార్తాలో లక్షమంది మన జట్టుకు ఎదురు అరుస్తుండగా బలరాం వాళ్లు గెలిచారు. ఆ అరిచినవాళ్లకు కూడా తెలుసు ఆ రోజు ఎవరు బాగా ఆడారో. శత్రువు కూడా సాక్షే. ఖాళీ గ్యాలరీయే ఎవరికీ ఏమీ కాదు."

"అయితే ఇప్పుడేం జెయ్యమంటవ్?"

మా ఇద్దరి మధ్య మాట హకీంపేట మీదికి మళ్లింది. శామీర్‌పేట నుంచి పట్నం వైపు పోతుంటే రోడ్డు పక్కనే స్పోర్ట్స్ స్కూలు, 1993 నుంచి ఉంది. ఊళ్ల నుంచి నాలుగో తరగతి పిల్లల్ని పరుగు, దూకుడు, ఎత్తు, బరువు అన్నీ కొలిచి ఏరి తెస్తారు. ఎనిమిదేళ్ల, తొమ్మిదేళ్ల పిల్ల అమ్మానాన్నల్ని వదిలి అక్కడి హాస్టల్లో పడుకుంటుంది. మన రాష్ట్రం ఆటకు చేస్తున్న నిజమైన ఖర్చుల్లో అదొకటి, దాన్ని తక్కువ చేయడానికి లేదు. కానీ ఆ పిల్లల్ని ఎంత జాగ్రత్తగా ఏరుతామో, వాళ్ల ఆట చూసే కళ్లను తయారుచేయడం గురించి అంత తక్కువ ఆలోచిస్తాం. ఆ స్కూలు గోడకు చుట్టుపక్కల ఎందరున్నారు! జవహర్‌నగర్ వైపు బిట్స్, శామీర్‌పేటలో నల్సార్, తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ, మేడ్చల్ రోడ్డు నిండా ఇంజనీరింగ్ కాలేజీలు. ఆదివారం సాయంత్రం వేల మంది పడుచుపిల్లలు చెరువు గట్టుకో, రిసార్టుకో, ఫోన్‌లో ఎన్‌బీఏకో పోతారు. కొద్ది దూరంలో తమ ఈడు పిల్లలు ఆడే మ్యాచ్ చూడటానికి ఒక్కరూ రారు. రమ్మని పిలిచేవాళ్లూ లేరు.

"గందుకే అంటున్న కోటాకు రాయించుమని," అన్నాడు మామ. "సర్కారు కొలువుల్ల రెండు శాతం ఉన్నది. చూసెటోళ్లు ఎప్పుడొస్తరో, పిల్ల ఆకలి గప్పటిదాక ఆగదు."

"రాయిస్తాను. బలరాం లెక్క నేను మర్చిపోను. కానీ అది కుర్చీలో కూర్చునే దాకా ఆడే అయిదారేళ్లయినా ఎవరో ఒకరు చూడాలి. మన కోర్టులో నెలకో ఆదివారం మ్యాచ్ పెడదాం. వాడలో వాళ్లందరినీ పిలుద్దాం. నువ్వు పక్కన నిలబడి ఆ ఫౌల్ ఎందుకిచ్చారో, ఆ పిల్ల బంతి ఎందుకు వదిలేసిందో చెప్పు."

మామకు ఆలోచన నచ్చింది, లెక్క దగ్గర మాత్రం పేచీ వచ్చింది. వాడలో వసూలైన డబ్బుతో కోర్టుకు ఫ్లడ్‌లైట్లు పెట్టిద్దామని ఆయన ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. లైట్లుంటే పిల్లలు రాత్రి కూడా ప్రాక్టీసు చేస్తారు, సెలక్షన్లకు అదే కావాలంటాడు. ముందు ఒక పక్కన నాలుగు వరసల సిమెంటు మెట్లు కట్టిద్దామని, కూర్చునే చోటు లేకపోతే ముసలివాళ్లు, ఆడవాళ్లు రారని నేనన్నాను.

"ఆడెటోళ్లకు లైటు లేకుంట చూసెటోళ్లకు మెట్లు గడ్తవా?" అన్నాడు కోపంగా.

"అవును" అన్నాను. మేస్త్రీని పిలిచి రెండింటికీ ఎంతవుతుందో అడుగుదామని ఇద్దరం లేచాం.