పలకరింపులో దాగిన బానిస



ఇటలీ దేశంలో స్నేహితులు కలిసినా, విడిపోతున్నా 'చావ్' అంటారు. మన చావుకూ దానికీ సంబంధం లేదు. కానీ ఆ మాట పుట్టుక మనం తెలుసుకోదగింది. ఒకప్పుడు వెనిస్ ప్రాంతంలో 'స్‌చావో వోస్త్రో' అనేవారు. అంటే 'నేను మీ బానిసను' అని! మధ్యయుగపు లాటిన్ పదం 'స్క్లావుస్' దీనికి మూలం. స్క్లావుస్ అంటే మొదట స్లావ్ జాతి మనిషి. ఆ జాతి వాళ్లను పట్టుకొచ్చి అమ్మీ అమ్మీ, చివరికి జాతి పేరునే బానిసకు పేరు చేశారు. అంతకుముందు లాటిన్‌లో బానిసను 'సేర్వుస్' అనేవారు. ఆస్ట్రియాలో నేటికీ అదొక పలకరింపే.

మరి మన తెలంగాణలో దొర ముందు మన తాతలు ఏమన్నారు? 'నీ బాంచెన్ దొరా, కాల్మొక్తా!' బాంచెన్ అన్నా బానిసే. అర్థం ఒక్కటే అయినప్పుడు, ఆ మాట స్నేహమెట్లా అయింది? ఈ మాట ఇప్పటికీ గుండెలో ఎందుకు గుచ్చుకుంటుంది?

ఆలోచించండి. 'చావ్' అని ఒకరంటే ఎదుటివారూ 'చావ్' అంటారు. ఇద్దరూ అనుకోగా అనుకోగా అందులోని బానిస మాయమైపోయాడు. 'బాంచెన్' ఒకవైపే నడిచింది. ఏ దొరా దాన్ని తిరిగి అనలేదు. మాటను శుద్ధి చేసేది సమానత్వమే.

బుద్ధుని కాలంలో శాక్య కుమారులకు ఈ సంగతి తెలుసు. క్షురకుడైన ఉపాలికి తమకంటే ముందు దీక్ష ఇమ్మని వాళ్లే బుద్ధుణ్ని కోరారు. సంఘంలో ముందు చేరినవారికి వెనక చేరినవారు నమస్కరించాలి గదా! ఉపాలికి మొక్కితే తమ కుల గర్వం అణుగుతుందని వాళ్ల ఉద్దేశం.

ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. ఇంటి పనికొచ్చే అక్కను 'ఏమే' అని పిలుస్తున్నామా? ఆఫీసులో అటెండరు నమస్తే పెడితే తల ఊపి వెళ్లిపోతున్నామా? పదవి వచ్చాక, ఎదుటివాళ్లే ముందు 'జైభీమ్' చెప్పాలని ఎదురుచూస్తున్నామా? అట్లయితే దొర మన నోట్లోనే బతికున్నట్టు. మాట ఎంత మంచిదైనా, ఒకవైపే నడిస్తే అది మళ్లీ బాంచెనే. సమ్యక్ వాక్కు అంటే తిట్టకుండా ఉండటంతో సరిపోదు. ఇచ్చే గౌరవం, పుచ్చుకునే గౌరవం సమానంగా ఉండాలి.

రేపు పొద్దున మీ వీధి ఊడ్చే మనిషి ఎదురైతే, ముందు మీరే పలకరించండి.

జైభీమ్! నమో బుద్ధాయ!