చీటి రాని యోసేపు



మే నెల 14వ తేదీన తిరుసభ పునీత మత్తీయగారి పండుగను కొనియాడుతుంది. మన ఇళ్లలో అవి పరీక్షా ఫలితాల రోజులు, సీట్ల కోసం తిరిగే రోజులు. ఆ పండుగనాడు వినిపించే అపోస్తలుల కార్యముల పఠనం (1:15-26) ఈ కాలానికి ఎంతో తగినది. ఎందుకంటే అందులో ఉన్నది ఒకే ఒక్క స్థానం, దానికి అర్హులు ఇద్దరు.

యూదా స్థానం ఖాళీ అయింది. దాన్ని నింపవలసినవారికి ఉండవలసిన అర్హతను పేతురుగారు ముందుగానే చెప్పారు. యోహాను ఇచ్చిన జ్ఞానస్నానం మొదలుకొని ప్రభువు పరలోకానికి కొనిపోబడిన దినం వరకు తమతో కలిసి మెలిగినవాడై ఉండాలి. ఆ అర్హత మత్తీయకు ఉంది. బర్సబ్బా అనీ, యూస్తు అనీ పిలువబడిన యోసేపుకూ ఉంది. సంఘం ప్రార్థన చేసి చీట్లు వేసింది. చీటి మత్తీయ పేరిట వచ్చింది.

మత్తీయగారికి మనం పండుగ చేస్తాం. ఆ యోసేపును తలచుకునేవారు తక్కువ. కాని ఒక సంగతి గమనించండి. ఆయన పనికిరానివాడని పేతురుగారు అనలేదు. ప్రభువుతో ఆయన గడిపిన సంవత్సరాలు వ్యర్థమని లేఖనం చెప్పలేదు. చీటి రాలేదు, అంతే. చీటి వేయకముందు ఆయన ఉత్థాన క్రీస్తును ఎరిగినవాడు. చీటి రాని తరువాత కూడా ఎరిగినవాడే.

ఇప్పుడు మన విచారణల్లోకి రండి. ఇంటరు చదివిన మన పిల్లల్లో కొందరు ఆప్టోమెట్రీ కోర్సు కోరుకుంటున్నారు. పెద్దలలో కొందరికి ఈ పేరు కొత్త. కంటి చూపును పరీక్షించి, ఎవరికి ఏ నెంబరు అద్దాలు కావాలో తేల్చి, జబ్బు ఉన్నట్టు కనిపిస్తే కంటి డాక్టరు దగ్గరకు పంపే విద్య ఇది. శస్త్రచికిత్స ఇందులో లేదు. చదువులో చివరి ఏడాది ఆసుపత్రిలో పని నేర్చుకోవడం. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, చెన్నైలో 1985లో ఏర్పడిన ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ దీనికి పేరు మోసినవి. అటువంటి చోట్ల సీట్లు కొద్ది, పోటీ ఎక్కువ. కాబట్టి ఒక మార్కుతో, రెండు మార్కులతో సీటు తప్పే పిల్లలు ఉంటారు. బాగా తక్కువ వచ్చిన బిడ్డ కంటె, అంచుదాకా వచ్చి ఆగిపోయిన బిడ్డకే బాధ ఎక్కువ. ఒక్క ప్రశ్న సరిగా రాసి ఉంటే అనే ఆలోచన రాత్రులు నిద్ర పట్టనివ్వదు.

ఆ బిడ్డతో నేను చెప్పదలచింది ఇది. కటాఫ్ మార్కు నీ విలువను కొలవదు. ఎన్ని సీట్లు ఉన్నాయి, ఈ ఏడాది ఎంతమంది రాశారు, పేపరు ఎంత కఠినంగా వచ్చింది అనే మూడింటిని బట్టి ఆ గీత పైకీ కిందికీ జరుగుతుంది. ఇవే మార్కులు మరో ఏడాది వచ్చి ఉంటే నీకు సీటు దొరికేదేమో. ఏటేటా జరిగే గీతను పట్టుకుని, దేవుడు చేసిన బిడ్డకు శాశ్వతమైన వెల కట్టడం తగదు.

అలాగని ఆ గీతను తేలికగా తీసిపారేయవద్దు. సీటు వచ్చిన బిడ్డ కూడా కష్టపడ్డాడు. ఈ కాలంలో కొందరు తల్లిదండ్రులు సిఫారసు ఉత్తరం కోసం గురువుల దగ్గరకు వస్తారు. బిడ్డ నడవడిని గురించి, కుటుంబ పరిస్థితిని గురించి నిజం రాసి ఇవ్వడంలో దోషం లేదు. కాని వరుసలో ముందున్న మరొక బిడ్డను పక్కకు నెట్టమని అడిగే ఉత్తరం దొంగతనానికి తోడు. దొంగ సర్టిఫికెట్టుకూ, చేతులు తడిపి సంపాదించిన సీటుకూ ఇదే మాట వర్తిస్తుంది. రేపు ఒకరి కంటిని ఉన్నదున్నట్టు చూడవలసిన మనిషి తన చదువును అబద్ధంతో మొదలుపెట్టకూడదు.

అయితే ఏమి చేయాలి? నిరీక్షణ అనే సుగుణాన్ని వివరిస్తూ పునీత తోమా అక్వినాసుగారు దానికి నాలుగు గుర్తులు చెప్పారు. మనం ఆశించేది మేలైనది కావాలి. అది ఇంకా చేతికి రానిదై ఉండాలి. కష్టంతో కూడినదై ఉండాలి. అయినా సాధ్యమైనదై ఉండాలి. సాధ్యం కాదనుకుంటే అది నిరాశ. కష్టమే లేదనుకుంటే అది మిడిసిపాటు. ఒక మార్కుతో తప్పిన ఇంట్లో ఈ రెండు తప్పులూ జరుగుతాయి. ఒకరు ఇక అంతా అయిపోయిందని పుస్తకాలు అటకెక్కిస్తారు. మరొకరు దేవుడే చూసుకుంటాడని కాగితాలు కూడా సిద్ధం చేసుకోరు.

దేవుడు చూసుకుంటాడు, నిజమే. మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్టు మాత్రం మీరే చూసుకోవాలి. మొదటి విడతలో సీటు పొందినవారిలో కొందరు వేరే కోర్సులకు వెళ్లిపోతారు. వెయిటింగ్ లిస్టు ఉన్నచోట మీ పేరు ఉందో లేదో కనుక్కోండి. గడువు తేదీని గోడమీది క్యాలెండరులో రాసిపెట్టుకోండి. మరో కాలేజీలో సీటు వస్తే చేరేముందు రెండు ప్రశ్నలు అడగండి: డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం గుర్తింపు పొందినదేనా? నేర్చుకోవడానికి రోజూ రోగులు వచ్చే కంటి ఆసుపత్రి ఉందా? అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో పార్లమెంటు చేసిన చట్టం ఆప్టోమెట్రీకి కూడా వర్తిస్తుంది, కనుక గుర్తింపు లేని చదువుకు పొలం తాకట్టు పెట్టవద్దు. కంటి సహాయకుల డిప్లొమా వంటి చిన్న చదువులు కూడా ఉన్నాయి. మళ్లీ పరీక్ష రాయాలనుకుంటే ఆ ఏడాది ఎలా గడపాలో ఇంట్లో కూర్చుని ముందే నిర్ణయించుకోండి.

అరవింద్ కంటి ఆసుపత్రిని స్థాపించిన డాక్టరు జి. వెంకటస్వామిగారు మొదట ప్రసూతి వైద్యుడు కావాలనుకున్నారు. కీళ్లవాతంతో చేతివేళ్లు వంకరపోయాయి, ఆ తలుపు మూసుకుపోయింది. ఆయన కంటి వైద్యం వైపు తిరిగి, ఆ వంకర వేళ్లతోనే కత్తి పట్టడం నేర్చుకున్నారు. ఉద్యోగ విరమణ తరువాత 1976లో మదురైలో పదకొండు పడకలతో ఆసుపత్రి ప్రారంభించారు. ఆయన స్వయంగా చేసిన ఆపరేషన్లే లక్షకు పైగా ఉంటాయి. ఆయన మన మతస్థుడు కాడు. అయినా దైవసంకల్పం ఎలా నడిపిస్తుందో ఆయన జీవితంలో మనం చదువుకోవచ్చు.

కంటి చూపు అవసరమైనవారు ఎంతమంది! ప్రపంచంలో కనీసం 220 కోట్ల మందికి చూపు లోపం ఉందనీ, వారిలో కనీసం 100 కోట్ల మందికి దాన్ని నివారించగలిగేవారమనీ, లేదా ఇంకా సరిచేయవలసి ఉందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెలిపింది. ఇంత పంట కోతకు ఉండగా, ఒక కాలేజీ తలుపు తెరుచుకోకపోతే దేవుడు ఆ బిడ్డను పనిలోనుంచి తీసివేశాడని ఎలా అనగలం?

తల్లిదండ్రులారా, చివరిగా మీతో ఒక మాట. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటరు ఫలితాల తరువాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అందువల్ల ఫలితం వచ్చిన రోజు సాయంత్రం మీరు ఏమి మాట్లాడతారన్నది చిన్న విషయం కాదు. పక్కింటివారి అమ్మాయి మార్కులు ఆ రోజు ఎత్తవద్దు. మీరు పెట్టిన ఫీజు లెక్క చెప్పవద్దు. బిడ్డకు అన్నం పెట్టి, దగ్గర కూర్చోండి. బిడ్డ మాట్లాడకుండా, తినకుండా, ఒంటరిగా ఉంటే కనిపెట్టుకుని ఉండండి. చనిపోవాలనే మాట వస్తే బెదిరింపని కొట్టిపారేయవద్దు. ఆ బిడ్డను ఒంటరిగా వదలకండి, డాక్టరుకు చూపించండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నెంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. మీ విచారణ గురువుల తలుపు కూడా తట్టండి, రాత్రివేళ అయినా సరే.

బేత్సయిదాలో మన ప్రభువు ఒక గ్రుడ్డివానిని స్వస్థపరచిన విధం మార్కు సువిశేషంలో (8:22-26) ఉంది. ప్రభువు చేతులుంచి, ఏమైనా కనిపిస్తున్నదా అని అడిగారు. ఆ మనిషికి మనుషులు నడిచే చెట్లవలె కనిపించారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ప్రభువు కోపగించలేదు, అతన్ని వదిలి వెళ్లలేదు. రెండవసారి చేతులుంచారు, అప్పుడు అంతా స్పష్టంగా కనిపించింది. కంటి పరీక్ష చేసేవారు ఒక అద్దం తరువాత మరొక అద్దం పెట్టి అడిగే ప్రశ్న కూడా అదే గదా! మొదటిసారికే స్పష్టం కాకపోవడం పాపం కాదు. ఇంకా మసకగానే ఉందని ప్రభువుకు చెప్పుకోండి, రెండవసారి ఆయన చేతుల క్రింద నిలబడండి.

చీటి వచ్చిన మత్తీయను, చీటి రాని యోసేపును ఒకే సంఘంగా నిలిపిన ప్రభువు మన పిల్లలందరినీ తన దృష్టిలో ఉంచుకొనును గాక. ఆమెన్.