సంత పనులు, సాయంకాలపు ఆట

ధ్యానభాగము: జెకర్యా 8:4–10

దేవుడు యెరూషలేమునకు అనుగ్రహింపబోవు క్షేమమును వర్ణించునప్పుడు జెకర్యా ప్రవక్త రథములను, సైన్యములను చూపలేదు. చేతికఱ్ఱతో వీధిలో కూర్చున్న వృద్ధులను, వృద్ధురాండ్రను చూపెను. వారి యెదుటనే ఆడుకొను మగపిల్లలను, ఆడపిల్లలను చూపెను. అది దర్యావేషు ఏలుబడిలో నాలుగవ సంవత్సరము, అనగా సుమారు క్రీ.పూ. 518. చెరనుండి తిరిగివచ్చినవారు ఆలయమును కట్టుచునే యుండిరి. పని ఇంకను ముగియలేదు. అట్టి దినములలో పిల్లల ఆట ప్రవక్త నోట వచ్చుట మనము ఆలోచింపదగిన సంగతి.

పదియవ వచనమును కూడ చూడుడి. అంతకుముందు మనుష్యునికి కూలి లేదు, పశువునకు బాడుగ లేదు. పనిమీద ఊరు దాటినవాడు నెమ్మదిగా తిరిగివచ్చునను నమ్మకము లేదు. కావున కష్టమునకు కూలి దొరకుట, భయములేక పోయి వచ్చుట, ప్రొద్దు వ్రాలువేళ పిల్లలు ఆడుకొనుట, ఈ మూడును ఒకే ఆశీర్వాదములోని భాగములు.

ఇక మన శనివారమును తలంచుకొందము. తెల్లవారగానే ఇంటిల్లిపాదియు బయలుదేరుదుము. అవ్వ పింఛను సంగతి కనుగొనవలెను. రేషను బియ్యము తేవలెను. తెగిన చెప్పు కుట్టించవలెను. పిల్లలకు నోటు పుస్తకములు కొనవలెను. ఎరువుల కొట్టులో పాతబాకీ కొంతయైనను తీర్చవలెను. ఇవి ముగియునప్పటికి హైస్కూలు మైదానమునుండి కేకలు వినవచ్చును. మన ఊరి కుఱ్ఱవాండ్రు పొరుగూరివారితో ఫుట్‌బాలు ఆడుచున్నారు. అప్పుడు ఎన్ని ఇండ్లలో ఏమి జరుగుచున్నది? నాయనయు కొడుకులును సంచులు అమ్మ చేతికిచ్చి మైదానమునకు పరుగెత్తుదురు. అమ్మయు కూతురును ఆ బరువుతో ఇల్లు చేరి పొయ్యి రాజేయుదురు. అవ్వ అరుగుమీద ఒంటరిగా కూర్చుండును.

ఆట చూచుట తప్పని మేము చెప్పుట లేదు. ప్రవక్త చూచిన వీధిలో ముసలమ్మకు చోటున్నది, ఆడపిల్లకు ఆటయున్నది. మన మైదానపు గట్టున వారికి చోటు లేనియెడల మనము ఆశీర్వాదములో సగమే అందుకొంటిమి.

ఈ ఆటయే మనకు బుద్ధి చెప్పగలదు. హైదరాబాదువారైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు బడిపంతులుగా పనిచేసినవారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచెను. ఆయన తీర్చిన భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో బంగారు పతకము పొందెను. బంతిని ఒక్కడే తన కాళ్లయొద్ద ఉంచుకొనక, తడవుచేయక తోటివానికి అందించుట ఆయన నేర్పిన ఆటకు ప్రాణము. మన ఇండ్లలోనో, బరువంతయు ఒక్కతెయొద్దనే నిలిచిపోవుచున్నది. అందుకొనుటకు ఎవరును చేయి చాపరు. ఒకని బరువును మరియొకడు మోయుట క్రీస్తు నియమమని పౌలు గలతీయులకు నేర్పెను (6:2). ఆ నియమము గుడిలో చదువుటకు మాత్రమే కాదు, సంతసంచికి కూడ చెల్లును.

కాబట్టి నాయన బియ్యపు మూట ఇంటికి చేర్చవలెను. కొడుకు నీళ్లు తేవలెను. ఆ రాత్రికి ప్రొద్దుటి కూరతోనే సరిపెట్టుకొందము. అవ్వను చేయిపట్టి నడిపించి, గట్టున నీడచూచి కూర్చుండబెట్టుదము. కూతురు తానును బంతి ఆడెదనని అడిగినయెడల నవ్వకుడి.

ఆదివారము ఆరాధనలో అమ్మ కునికిపాట్లు పడుట చూచి మనము తప్పుపట్టుదుము. శనివారము సంచులు మోసినదెవరో అడుగము. ఈ శనివారము ఆమె ఒక గడియ గట్టున కూర్చుండి నవ్వినయెడల, మరునాడు ఆమె పాట మన సంఘమంతటికి వినబడును.

ప్రభువా, మా రాకపోకలను కాపాడుచున్నావు గనుక నీకు స్తోత్రము. మా పనిని, మా విశ్రాంతిని ఇంటివారందరితో పంచుకొను మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.