ప్రశంసాపత్రమును కుమ్మరి భీముడును

ఏటేట జనవరి 26వ తేదీని, ఆగస్టు 15వ తేదీని, పతాకావిష్కరణానంతరము జిల్లా కేంద్రమున ఉత్తమసేవలకు ప్రశంసాపత్రము లొసగుట మన కచేరీలలో ఆచారమై యున్నది. పుత్తూరు ఉద్యోగులు మునుపు దీనికై చిత్తూరునకు పోయెడివారు; 2022లో కొత్త జిల్లా లేర్పడిన పిమ్మట తిరుపతికి పోవుచున్నారు. పై కార్యాలయమునకు పేర్లు వెళ్ళును, జాబితా వచ్చును, అందులో ఎవరి పేరు చేరినది, ఎవరిది జారినది అను ముచ్చట కొన్నాళ్ళు నడచును.

కర్మఫలమునం దాసక్తి కూడదని గీత రెండవ యధ్యాయము బోధించుచుండగా, పనికి బిరుదు తగిలించుట ఆ పనిని చెఱచుట కాదా యని ఆస్తికులు కొందఱు శంకింతురు. శంక సాధువే కాని, ఆ బోధ యెవరి నుద్దేశించినదో వారు విచారింపరు. అది కర్తకు చెప్పిన మాట. కర్తచేత పని గొన్నవానికి చెప్పినది కాదు. ఫలాపేక్ష వలదని పనివాడు తనకు తాను చెప్పుకొనిన యోగమగును. అదే మాటను యజమాని పనివానికి చెప్పిన, నా దృష్టిలో, ఋణ మెగవేయుటయే యగును.

పనికిని మెప్పునకును గల సంబంధమును తెలుపు కథ యొకటి కలదు. పుత్తూరునకు సమీపమున నున్న నారాయణవనము ఆకాశరాజు రాజధాని యనియు, పద్మావతీ కల్యాణ మచ్చటనే జరిగిన దనియు ప్రతీతి. ఆ రాజు తమ్ముడగు తొండమాన్ చక్రవర్తి నిత్యము స్వర్ణపుష్పములతో శ్రీనివాసు నర్చించుచుండగా, ఒకనాడు ఆ బంగారుపూలపై మట్టిపూలు కానవచ్చెనట. అవి కురువ గ్రామవాసియగు భీముడను కుమ్మరివి. కొండకు పోవుటకు తీరిక లేక, ఇంట కొయ్యప్రతిమ నిలిపి, కుండలు చేయగా మిగిలిన మట్టితోనే పూవులు చేసి సమర్పించు చుండెడివాడు. పనికిని పూజకును నడుమ అతనికి గోడ లేదు. చేతిమట్టి కడుగుకొననైన అక్కఱ లేకపోయెను. తిరుమలలో నేటికిని మట్టిపాత్రలోనే దద్దోజన నివేదన జరుగుటకు ఈ కథయే మూలమని పెద్ద లందురు.

ఇచ్చట నాకు ముఖ్యముగా తోచున దేమనగా, భీముడు తన పేరు పంపుకొనలేదు, అతని పేరు పంపు పై యధికారియు లేడు. తన బంగారమున కభిమానభంగము కలిగిన పిమ్మటనే రాజు కుమ్మరియిల్లు వెదకుకొనుచు వెళ్ళెను. మన సభలలో దారి తలక్రిందు: పనివాడే వేదికయొద్దకు నడచి రావలెను. వేకువనే వీథు లూడ్చు పురపాలక కార్మికుని పేరు, ఒప్పందపు కూలియైనచో, జాబితా కెక్కుట కష్టము. గుమాస్తా పేరు సుళువుగా నెక్కును, ఏలయన జాబితా వ్రాయు బల్ల అతని చెంతనే యున్నది. విఱిగిన యెముకలకు వేయు పుత్తూరు కట్టునకు ఇన్ని సీమల ఖ్యాతి వచ్చినది మాత్రము ఏ జాబితావలననో కాదు, ఎముక లతికి నడచిపోయినవారి నోటివలననే.

మెప్పులో మఱియొక చిక్కు కలదు: బాగుగ పని చేయువానిని మెచ్చి పెద్దపదవి నిచ్చినయెడల, అతడు బాగుగ చేసిన యా పని అంతటితో తప్పిపోవును. నీ సేవ లోకమునకు తెలిసి రాజు నీ గడప త్రొక్కిన దినమున నీకు వైకుంఠమని భీమునకు స్వామి వరమట. రాజు వచ్చెను, వరము ఫలించెను. భక్తులు దీనిని మోక్షమందురు. మఱునాడు కుండలు కావలసి వచ్చిన కురువ గ్రామస్థు లేమనుకొనిరో కథ చెప్పదు.